ఎడమ చెయ్యి నాది, కుడి చెయ్యి అమ్మమ్మది

2022వ సంవత్సరం, కార్తీక మాసం చివరి రోజులు. రాజమండ్రిలో ఒక పిల్లల డాక్టరు గారి క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఊరంతా తెల్లారకముందే రేవులకి వెళ్ళి, చన్నీళ్ళ స్నానాలు చేసి, అరటి దొప్పల్లో దీపాలు వదిలి వణుక్కుంటూ ఇళ్ళకొచ్చే కాలం అది. మా క్లినిక్‌కి మాత్రం అది దగ్గులు, జలుబులు, ఎండు చర్మాల కాలం. చలిగాలి తగలగానే కొందరు పసిపిల్లల బుగ్గలు గరుకెక్కుతాయి. ముంజేతులు, మోకాళ్ళు ఎర్రగా కందిపోయి పొలుసులు లేస్తాయి. దురదకి పిల్లలు నిద్రపోరు, తల్లుల్ని నిద్రపోనివ్వరు.

దీన్నే మేము ఎగ్జిమా అంటాం. మన చర్మం పైన తేమని పట్టి ఉంచే పొర ఒకటి ఉంటుంది. కొందరు పిల్లల్లో అది పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. లోపలి తేమ బయటికి పోతుంది, బయట ఉన్న పొగా దుమ్మూ సబ్బూ లోపలికి చేరి చికాకు పెడతాయి. అంటుకునే జబ్బు కాదు, ఎవరి పాపమూ కాదు. కానీ జనం దీన్ని గజ్జి అంటారు, తామర అంటారు, దిష్టి అంటారు, చివరికి తల్లి పాల మీదికి తోసేస్తారు. నాకు ఒళ్ళు మండేది ఆ చివరి మాటకే. నాకు నోరు కొంచెం ఎక్కువని, వచ్చిన వాళ్ళతో కొట్లాడతానని మా డాక్టరు గారు అంటూ ఉంటారు. కొట్లాడను. వాదిస్తాను, అంతే.

ఆ రోజు వచ్చిన వాళ్ళు నిడదవోలు అవతల ఒక పల్లె నుంచి వచ్చారు. ఐదో నెల పాప, తల్లి మౌనిక, అమ్మమ్మ సత్యవతి గారు. మౌనిక మెట్టినిల్లు జంగారెడ్డిగూడెం. అక్కడ అత్తవారికి పామాయిల్ తోటలున్నాయి. తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లో ఉంది. ఐదో నెల వెళ్ళాక అత్తవారు వచ్చి తల్లినీ పిల్లనీ తీసుకెళ్తారు. పాప పేరు హన్విక. ఆ పేరు సత్యవతి గారికి నోరు తిరగదు. చీటీలో పేరు రాయించాలంటే కూతురి వైపు చూసి, "నువ్వే చెప్పవే, అదేదో" అనేవారు. ఆవిడ మాత్రం పాపని 'అమ్మడు' అని పిలిచేవారు.

అది వాళ్ళు రెండోసారి రావడం. అంతకు ముందు వచ్చినప్పుడు డాక్టరు గారు అన్నీ చెప్పి పంపారు. సబ్బు వాడొద్దు, గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించండి, తేమ పట్టి ఉంచే క్రీము ఒళ్ళంతా రాయండి, ఎర్రగా ఉన్నచోట మాత్రం ఈ ఆయింట్‌మెంట్ రాయండి అని. మామూలుగా అయితే రెండోసారి వచ్చేటప్పటికి పిల్లలు నున్నగా వస్తారు. ఈ పాప ఇంకా ఎర్రగా వచ్చింది.

"సబ్బు వాడుతున్నారా?" అని డాక్టరు గారు అడిగారు.

"లేదండి. మీరు వద్దన్న రోజే ఆపేశాం. సబ్బు పెట్టె కూడా తీసి పైన పెట్టేశానండి" అన్నారు సత్యవతి గారు.

"నీళ్ళు?"

"గోరువెచ్చగానేనండి."

"క్రీము రాస్తున్నారా?"

"ఆయ్, రోజూ రాస్తున్నామండి."

ఒక్కదానికీ తడుముకోలేదు. డాక్టరు గారు పాప చేతులు తిప్పి చూసి, బోర్లా పడుకోబెట్టి చూసి, ఏమీ అంతుపట్టక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అప్పుడు సత్యవతి గారు మెల్లగా మొదలుపెట్టారు. "నేను చెప్తానండి డాక్టరు గారూ. దీనికి తల్లి పాలు పడట్లేదండి. ఏం తిన్నా అది పాలల్లోకి వెళ్ళి పిల్ల ఒంటి మీద తేలిపోతుంది. వచ్చే గురువారం మంచిది. ఆ రోజు నుంచి పాలు మాన్పించేసి డబ్బా పాలు పట్టేద్దామనుకుంటున్నాం. డబ్బా కూడా కొనేశామండి."

"అలా మాన్పించకండి. పాలకీ దీనికీ సంబంధం లేదు" అన్నారు డాక్టరు గారు. బయట పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు, వరండా నిండా జనం. ఆయన నా వైపు చూసి, "సిస్టర్, బరువు చూసి, ఇంకోసారి అన్నీ వివరంగా చెప్పండి" అన్నారు. ఆ 'వివరంగా' అన్న మాట ఆయన అన్నారంటే కేసు నా నెత్తిన పడినట్టే లెక్క.

బరువు చూసే గదిలోకి తీసుకెళ్ళి పాపకి చొక్కా విప్పాను. తలకి ఊలు టోపీ, కాళ్ళకి ఊలు మేజోళ్ళు. అవీ తీశాను. బల్ల మీద పడుకోబెట్టి మెడ కింద చెయ్యి పెట్టగానే ఒక వాసన తగిలింది. సాంబ్రాణి, దాని కింద పసుపు, దాని కింద బావంచాలు, కచ్చూరాలు అనే మూలికలు. ఆ వాసన నాకు తెలియకపోవడమేంటి? మా అమ్మ మమ్మల్నందర్నీ ఆ వాసనలోనే పెంచింది. మోచేతి మడత విప్పి చూస్తే పసుప్పచ్చటి రవ్వ రవ్వగా ఏదో అంటుకుని ఉంది. దాని చుట్టూ చర్మం ఎర్రగా గీరుకుపోయింది.

"ఇదేంటండీ?" అన్నాను.

"సున్నిపిండి అండి" అన్నారు సత్యవతి గారు, నాకు అది కూడా తెలియదా అన్నట్టు. "సబ్బు వద్దన్నారు కదండీ మరి. అందుకని సున్నిపిండి. పెసలూ శనగపప్పూ ఇంట్లోవే. బజారు పిండి కాదు, నేనే దగ్గరుండి మర ఆడించాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. డాక్టరు గారు సబ్బు అన్నారు, ఆవిడ సబ్బు మానేశారు. వాళ్ళింట్లో సబ్బు మానేయడమంటే సున్నిపిండికి వెళ్ళడమే. సబ్బుతోపాటు రుద్దడం కూడా మానాలని ఆవిడకి ఎవరు చెప్పారు? మాకు అడగాలని తోచలేదు, ఆవిడకి చెప్పాలని తోచలేదు.

"అసలు నీళ్ళు ఎలా పోస్తారో మొదట్నుంచీ చెప్పండి" అన్నాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతారట. కాళ్ళ మీద పాపని పడుకోబెట్టుకుని నువ్వుల నూనెతో మర్దనా చేస్తారట. ఆ జిడ్డు పోయేదాకా సున్నిపిండితో నలుగు పెడతారట. తర్వాత నీళ్ళు. తర్వాత పొడి గుడ్డతో ఒక్క చుక్క తడి లేకుండా ఒత్తి తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, టోపీ పెట్టి పడుకోబెడితే పిల్ల హాయిగా నిద్రపోవాలి. "ఇది మాత్రం నిద్రపోదండి. పొగ పెట్టగానే కీచుమని ఏడుస్తుంది. మా వీధిలో ఎంతమంది పిల్లలకి నీళ్ళు పోశానో లెక్కలేదు. ఒక్కళ్ళకీ ఇలా అవలేదు. నా మనవరాలికే ఇలా అవ్వాలా?"

ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు పోసిన చెయ్యి సొంత మనవరాలి దగ్గర ఓడిపోతోందన్నది ఆవిడ బాధ. దానికి తోడు వియ్యాలవారి భయం. ఈ ఒంటితో పిల్లని పంపితే పురిట్లో సరిగ్గా చూడలేదంటారని.

పాపని తూచాను. తూకం ముల్లు పోయినసారి ఉన్నచోటు నుంచి పెద్దగా కదల్లేదు. అప్పుడు మౌనికని సరిగ్గా చూశాను. కళ్ళ కింద నల్లటి వలయాలు, చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"ఏం తింటున్నావమ్మా?"

తల్లి వైపు ఒకసారి చూసి చెప్పింది. బీరకాయ, పొట్లకాయ, కరివేపాకు కారం. గుడ్డు లేదు, చేప లేదు, పప్పు లేదు, పెరుగు లేదు. మొదట్లో బాలింత పథ్యం అన్నారు. పాప ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చిన దగ్గర్నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. మచ్చలు తగ్గలేదు కాబట్టి ఇంకోటి తీసేశారు.

"ఆకలేస్తుందండి" అంది ఆ పిల్ల. ఆ ఒక్క ముక్క అనేసి ఏడ్చేసింది. "గురువారం నుంచి వేపాకు నూరి రాసుకోమంటుందండి. చేదుకి పాప మానేస్తుందంట. నా దగ్గర తాగేటప్పుడే అండి అది గోక్కోకుండా ఉండేది. అదీ లేకపోతే ఎలాగండి?"

సత్యవతి గారు కూతురి వైపు తిరిగి, "నీ మీద కోపమా ఏంటే నాకు? పిల్ల బాధ చూడలేకే కదా" అన్నారు. ఆవిడ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఇద్దరి మీదా విసుగూ వచ్చింది. ఇక్కడ దుర్మార్గులెవరూ లేరు. ఉంటే తిట్టేసి వదిలించుకునేదాన్ని.

పాలకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు గారు ఇందాకే చెప్పారు. నేనూ ఇంకోసారి చెప్పాను. ఆవిడ "ఆయ్" అన్నారు. మా గోదావరి వాళ్ళ 'ఆయ్' సంగతి మీకు తెలిసే ఉంటుంది. విన్నాను అని అర్థం. ఒప్పుకున్నాను అని కాదు. గురువారం వేపాకు నూరడం ఖాయమని ఆ 'ఆయ్'లోనే వినిపించింది.

పాప బల్ల మీద రెండు చేతులూ గాల్లో ఆడిస్తోంది. రెండు ముంజేతులూ ఒకేలా ఎర్రగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది.

"సత్యవతి గారూ, పాలు తాగితే ఎక్కడికి వెళ్తాయండి? ఒళ్ళంతా వెళ్తాయి కదా?"

"వెళ్తాయి."

"ఎడమ చేతికి ఒక రకం పాలు, కుడి చేతికి ఒక రకం పాలు వెళ్ళవు కదా?"

"వేళాకోళమా అండీ?"

"కాదండి, పందెం. ఎడమ చెయ్యి నాకు ఇచ్చేయండి, నేను చెప్పినట్టు చూడండి. కుడి చెయ్యి మీది, మీ ఇష్టమొచ్చినట్టు నలుగు పెట్టుకోండి. ఒక వారం. పాల వల్లే అయితే రెండు చేతులూ ఒకేలా ఉండాలి. నా చెయ్యి తగ్గి మీ చెయ్యి తగ్గకపోతే, పాలది తప్పు కాదని మీరే ఒప్పుకోవాలి. అప్పటిదాకా వేపాకు జోలికి వెళ్ళకూడదు."

ఆవిడ ఆలోచనలో పడ్డారు. రైతు కుటుంబం, బేరం అంటే ఆవిడకి తెలిసిన విషయమే. "మరి మిగతా ఒళ్ళు?" అన్నారు.

"మిగతా ఒళ్ళంతా నాదే."

"ఒళ్ళంతా మీరు తీసుకుని నాకో చెయ్యి పడేస్తారేంటండీ?"

మౌనిక ఏడుపులోనే నవ్వేసింది. చాలాసేపు లాగి లాగి ఒప్పందానికి వచ్చాం. మిగతా ఒళ్ళు నాకే వచ్చింది. సాంబ్రాణి పాప లేని గదిలో వేసుకోవాలి. టోపీ నూలుది పెట్టాలి. తల్లికి ముద్దపప్పు పెట్టడానికి ఒప్పుకున్నారు, పెరుగుకి ఒప్పుకోలేదు. గుడ్డు మాట ఎత్తితే అసలు పందెమే వద్దనేలా ఉన్నారు. పథ్యం కూడా రెండు చేతులకీ ఒకటే కదా, ఉండనీ అనుకున్నాను. పాప రెండు చేతులకీ దిష్టికి నల్లపూసలున్నాయి. ఎడమ చేతివి తీసేసి కుడి చేతివి ఉంచాం. నల్లపూసల చెయ్యి అమ్మమ్మది, వట్టి చెయ్యి సిస్టరుది.

డాక్టరు గారికి చెప్పకుండా ఏదీ చేయకూడదు కదా. వెళ్ళి చెప్పాను. ఆయన రాస్తున్న చీటీ పక్కన పెట్టారు. "ఇది ఏ పుస్తకంలో ఉంది సిస్టర్?"

"ఏ పుస్తకంలోనూ లేదండి. కానీ గురువారం వేపాకు నూరేస్తారండి."

ఆయన లేచి వచ్చి సత్యవతి గారితో స్వయంగా చెప్పారు. ఆయింట్‌మెంట్ రెండు చేతులకీ ఒకేలా రాయాలి. కుడి చెయ్యి ఇంకా ఎర్రబడినా, రసి కారినా, పాపకి జ్వరం వచ్చినా పందెం గిందెం ఏమీ లేదు, అన్నీ ఆపేసి ఆ రోజే తీసుకురావాలి. ఆవిడ ఈసారి కూడా "ఆయ్" అన్నారు గానీ, ఈ 'ఆయ్' కొంచెం వేరుగా ఉంది.

తర్వాత పని నేర్పించడం. మాటలతో చెప్తే మళ్ళీ సబ్బు కథే అవుతుందని, టబ్బు తెచ్చి పెట్టాను. "మీ ఇంట్లో గోరువెచ్చగా అంటే ఎంతో అలా కలపండి" అన్నాను. ఆవిడ వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి చూసి బాగుందన్నారు. నేను మోచెయ్యి ముంచి వెంటనే బయటికి లాగేసుకున్నాను. ఆవిడవి గంజి వార్చిన చేతులు, పొయ్యి మీంచి గిన్నెలు దింపిన చేతులు. ఆ చేతులకి అది గోరువెచ్చనే. ఐదు నెలల పిల్లకి కాదు. "మీ అరచేతిని నమ్మకండి. మోచెయ్యి పెట్టి చూడండి. వేడీ తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు" అన్నాను. ఆవిడ మోచెయ్యి పెట్టి చూసి, ఇంకో చెంబు చన్నీళ్ళు పోశారు.

స్నానం క్లుప్తంగా అవ్వాలి. రుద్దకూడదు, నీళ్ళు జారనివ్వాలి. మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి, ఒత్తి తుడవకూడదు. ఒంటి మీద కాస్త చెమ్మ ఉండగానే క్రీము రాయాలి. ఈ క్రీముని మేము ఎమోలియెంట్ అంటాం. అంటే మందు కాదు, చర్మానికి పైపూత, తేమ పోకుండా పట్టి ఉంచేది. ఇక్కడ సత్యవతి గారు అడ్డుపడ్డారు.

"తడి ఒంటి మీద రాయడమేంటండీ? జలుబు చేయదూ?"

"మీ చేనుకి కాలవ నీళ్ళు పెట్టాక గండి ఏం చేస్తారు?"

"పూడుస్తాం."

"ఎప్పుడు? నీరంతా పోయాకా?"

"నీరు పోయాక పూడ్చి ఏం లాభమండీ" అనేసి, ఆవిడే ఆగిపోయారు.

"ఇదీ అంతేనండి. స్నానంతో ఒంటికి నీళ్ళు పెట్టారు. ఆరిపోకముందే గండి పూడ్చాలి."

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. క్రీము 'రోజూ రాస్తున్నాం' అంటే ఎంత రాస్తున్నారని అడిగితే, వేలి కొసకి అద్దుకుని బొట్టు పెట్టినట్టు చూపించారు. ఎదురింటావిడ ఎవరో అందులో స్టెరాయిడ్ ఉంటుంది, ఎముకలు మెత్తబడతాయి అని భయపెట్టిందట. ఆ భయంతో ఆయింట్‌మెంటూ అంతే, క్రీమూ అంతే. ఎమోలియెంట్‌లో అలాంటిదేమీ లేదు, తెల్లగా కనిపించేంత ధారాళంగా రాయాలని చెప్పాను. ఆయింట్‌మెంట్ సంగతి వేరు, స్టెరాయిడ్ ఉండేది అందులోనే. దానికి మా దగ్గర ఫింగర్‌టిప్ యూనిట్ అని ఒక కొలత ఉంది. పెద్దవాళ్ళ చూపుడు వేలి కొస నుంచి మొదటి కణుపు గీత దాకా ట్యూబు నుంచి వత్తితే ఎంత వస్తుందో అంత. ఏ చోటికి ఎన్ని కొలతలు, ఎన్నాళ్ళు అనేది డాక్టరు చెప్తారు. చెప్పినంత రాస్తే భయం లేదు. భయపడి బొట్టు పెడితే జబ్బు తగ్గదు, ట్యూబూ తరగదు.

వాళ్ళు వెళ్ళిపోయాక నాకు లోపల గుబులు మొదలైంది. పందెం అనేశాను గానీ, చర్మం మన చెప్పుచేతల్లో ఉండేది కాదు. చలి ఎక్కువైతే? వారంలో ఏ తేడా లేకపోతే? గురువారం తప్పినా ఆ పై గురువారం ఉంటుంది కదా. ఇంట్లో వంట చేస్తూ కూడా ఆ పిల్ల అన్న "ఆకలేస్తుందండి" అనే మాటే గుర్తొచ్చేది. పెరుగన్నం కలుపుకున్నప్పుడల్లా నాకు ముద్ద దిగలేదంటే నమ్మండి.

వారం తిరిగాక వచ్చారు. కార్తీకం వెళ్ళిపోయింది. సత్యవతి గారు నల్లటి శాలువా కప్పుకుని పాపని ఎత్తుకుని ముందు నడిచి వస్తున్నారు, వెనకాల మౌనిక. ఆవిడ ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. నేరుగా గదిలోకి తీసుకెళ్ళి చొక్కా విప్పాను.

ముందు నా చెయ్యి చూశాను. ఎడమది. ఎరుపు చాలావరకు పోయింది. వేలితో నిమిరితే గరుకు లేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పుడు నల్లపూసల చెయ్యి తీసుకున్నాను.

అదీ బాగుంది.

తిప్పి చూశాను, వెలుతురులోకి పట్టి చూశాను. అక్కడక్కడా కొంచెం ఎరుపు మిగిలింది గానీ, దాదాపు ఎడమ చేతిలాగే ఉంది. రెండూ తగ్గాయంటే ఇంకేముంది, పథ్యం పనిచేసింది అంటారు. పాలల్లో దోషం తగ్గింది, పూర్తిగా మాన్పిస్తే పూర్తిగా తగ్గుతుంది అంటారు. నా పందెం నా మెడకే చుట్టుకుంది.

"ఏంటండీ ఇది? రెండూ ఒకేలా ఉన్నాయి" అన్నాను.

మౌనిక ఏదో చెప్పబోయింది. సత్యవతి గారు చేత్తో ఆపారు. శాలువా సర్దుకున్నారు. పాప మెడ కింద లేని నలకని తీశారు. తర్వాత నా వైపు చూడకుండా పాపతో చెప్తున్నట్టే చెప్పారు.

"మూడు నాలుగు రోజులకే మీ చెయ్యి మెత్తబడిపోయిందండి. నా చెయ్యేమో అలాగే ఉంది. పడుకుని ఆ చేతినే పక్కకేసి రాసుకుంటుంది పిచ్చిది. పీట మీద కూర్చుని పిండి చేతిలోకి తీసుకున్నానండి. ఒక చెయ్యి హాయిగా ఉంటే, రెండో చేతిని చూస్తూ చూస్తూ ఎలా రుద్దను? పిండి కింద పారబోసి, దానికీ మీ క్రీమే రాసేశాను. ఆ రోజు నుంచి నా చెయ్యి లేదు, మీ చెయ్యి లేదు. నేను ఓడిపోయానండి."

వాదించడానికి నాకేమీ మిగల్లేదు. నాకది కొత్త.

"నేను చెప్తానంటే వద్దందండి" అంది మౌనిక. "నా ఓటమి నేనే చెప్పుకుంటానంది."

నేను ఇంకా పాల సంగతి ఎత్తలేదు. ఎలా ఎత్తాలా అని చూస్తున్నాను. ఆవిడే ఎత్తారు. "పాలు రెండు చేతులకీ ఒకటేనన్నారు కదండీ మీరు. పందెం ఒప్పుకున్నప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. పిండి పారబోశాక ఎక్కింది." కూతురి భుజం మీద చెయ్యి వేశారు. "దీన్ని అనవసరంగా ఎండగట్టేశాను. పిల్ల చర్మం ఎండిందని దీన్ని ఎండబెట్టాను. ఇప్పుడు ఏం పెట్టమంటారో చెప్పండి, అన్నీ పెడతాను."

"ఏం తింటావమ్మా?" అని మౌనికని అడిగాను.

"పెరుగన్నం" అంది. చేపల పులుసో, కోడి కూరో అంటుందనుకున్నాను. పెరుగన్నం అంది. సత్యవతి గారు శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగారు.

పాపని తూచాను. ఈసారి తూకం ముల్లు కదిలింది. డాక్టరు గారు వచ్చి రెండు చేతులూ చూసి, జరిగింది విని, "మరి పందెం ఎవరు గెలిచినట్టు సిస్టర్?" అన్నారు. పాప గెలిచిందండి అన్నాను. ఆయన నవ్వి, ఎగ్జిమా పూర్తిగా పోయిందనుకోవద్దని, చలిలో మళ్ళీ ఎర్రబడొచ్చని, అలా మళ్ళీ ఎగదన్నడాన్ని ఫ్లేర్ అంటారని, అప్పుడు కంగారుపడి తల్లి కంచం మీద పడొద్దని చెప్పారు. కొద్దిమంది పిల్లలకి ఏదైనా తిండి నిజంగానే పడకపోవచ్చు, అది తేల్చాల్సింది డాక్టరు గానీ వీధిలో వాళ్ళు కాదని కూడా చెప్పారు. సత్యవతి గారు "అలాగేనండి" అన్నారు. 'ఆయ్' అనలేదు.

వాళ్ళు వెళ్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాక అడిగాను. "కొన్న పాల డబ్బా ఏం చేశారండీ?"

"మా ఆయన టీలో కలుపుకుని తాగేస్తున్నారండి. బాగుందంట. ఇంకోటి తెమ్మంటున్నారు" అన్నారు ఆవిడ.

ఆ తర్వాత నుంచి మా క్లినిక్‌లో ఒక ప్రశ్న మారిపోయింది. సబ్బు వాడుతున్నారా అని ఇప్పుడు ఎవర్నీ అడగం. పిల్లకి నీళ్ళు ఎలా పోస్తారో మొదట్నుంచీ చెప్పండి అని అడుగుతాం. అది చెప్పడానికి టైము పడుతుంది, వరండాలో జనం విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఒక్కో ఇంట్లో ఒక్కో సంగతి బయటపడుతుంది. ఒకరు వేపాకు మరిగించిన నీళ్ళు, ఒకరు ఆవనూనె, ఒకరు తాతగారి భుజం నొప్పి మందు. ఎవర్నీ వెక్కిరించను. ఆ చేతులన్నీ పిల్లకి మంచి జరగాలనే చేస్తున్నాయని సత్యవతి గారిని చూశాక నాకు బాగా తెలుసు. ప్రేమతో రుద్దే చేతిని ఆపాలంటే, అది తప్పని వంద చెప్పినా లాభం లేదు. పిల్లకి హాయిగా ఉండటం ఆ చేతికే ఒకసారి తగలాలి.

హన్విక ఇప్పుడు బడికి వెళ్తోంది. జంగారెడ్డిగూడెం నుంచి అమ్మమ్మ గారింటికి వచ్చినప్పుడల్లా, ముఖ్యంగా చలికాలంలో, మా దగ్గరికి తీసుకొస్తారు. ఇప్పటికీ చలికి ఒకటి రెండు చోట్ల గరుకెక్కుతుంది, క్రీముతో సర్దుకుంటుంది. వచ్చినప్పుడల్లా సత్యవతి గారిది ఒకటే ఆట. పిల్ల గౌను చేతులు పైకి మడిచి, రెండు చేతులూ నా ముందు పెట్టి, "చెప్పండి సిస్టరు గారూ, ఇందులో మీది ఏది, నాది ఏది?" అంటారు.

నేను రెండూ అటూ ఇటూ తిప్పి చూసి, నాకు గుర్తు లేదండీ అంటాను. ఆవిడ సంబరంగా నవ్వుతారు. గుర్తు లేకపోవడమేంటి, ఎడమది నాది.